మగ్గానికి జప్తు లేదు

కొంతం చౌక్‌లో అప్పుకు ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవు. కిరాణా దుకాణంలో అయితే ఉద్దెర. స్నేహితుని దగ్గర చేబదులు. కార్ఖానాదారు పనికి ముందుగా ఇచ్చేది ఉచల్, అది తీరకుండా మిగిలిపోయినది బాకీ. సావుకారు దగ్గర రాసి ఇచ్చినది ప్రోనోటు. మా బ్యాంకుకు వచ్చి తీసుకుంటే లోను. తెలుగు, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగు భాషలూ కలిసి మనకు ఇన్ని మాటలు సమకూర్చినవి. ఇచ్చిన సొమ్ము తిరిగి రానప్పుడు మాత్రం అందరి నోటా వచ్చే మాట ఒక్కటే, ‘కోర్టుల వేస్త’ అని. ఈ మాట వినబడినంత తరచుగా దావాలు పడవు. పడినా, దావా గెలిచినంత తరచుగా డబ్బు చేతికి రాదు.

నేను వకీలును కాను. వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఏ ఖాతాకు ఎప్పుడు గడువు తీరుతుందో రాసుకునే రిజిస్టరు చూస్తూ చూస్తూ చట్టం కొంత వంటబట్టింది. ఆ చట్టాలు ఎక్కడి నుండి వచ్చినవని వెనక్కి తిరిగి చూస్తే ఒక వింత కనబడింది. బాకీల వసూలు గురించి దేశమంతటికీ పాఠమైన చరిత్రలో మన సోలాపూర్ జిల్లాకు పెద్ద చోటే ఉన్నది. కాని ఆ చరిత్ర అంతా రైతును గురించినది. అదే జిల్లా కేంద్రంలో, తూర్పు భాగపు పేటలలో మగ్గం గుంటలో కూర్చున్న మన నేతగాడి గురించి అందులో ఉన్నది రెండే రెండు మాటలు. ఆ రెండు మాటల వల్ల మన పేటలో అప్పు ఇచ్చే తీరే మారిపోయింది.

మొదట రైతు కథ చెప్పుకుందాం. అది తెలియకపోతే మనది అర్థం కాదు.

బొంబాయి రాజధానిలో 1827 నాటి ఐదవ రెగ్యులేషను ప్రకారం నూటికి ఏడాదికి 12 రూపాయలకు మించిన వడ్డీ కోర్టులో చెల్లేది కాదు. 1855లో దేశమంతటా వడ్డీ పరిమితులు ఎత్తివేసినారు. ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఒప్పుకున్నదే వడ్డీ. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1859లో, ఒకే సంవత్సరం మూడు చట్టాలు వచ్చినవి. ఎనిమిదవ చట్టం సివిల్ కోర్టుల విధానాన్ని స్థిరపరిచింది. పద్నాలుగవ చట్టం దావా వేయడానికి కాలపరిమితి పెట్టింది. మామూలు అప్పు పత్రానికి మూడేళ్ళు. మధ్యలోని పదమూడవ చట్టాన్ని చరిత్రకారులు రైతుల సందర్భంలో పెద్దగా తలచుకోరు. మనకు అది ముఖ్యం, తరువాత చెబుతాను.

మూడేళ్ళ గడువు పెట్టినది అప్పు తీసుకున్నవాడి మేలు కోరి. ఏళ్ళ తరబడి వడ్డీ పేరుకుపోకుండా సావుకారు త్వరగా లెక్క తేల్చుకుంటాడని దొరల ఊహ. జరిగినది వేరు. మూడేళ్ళు నిండుతున్నాయనగానే సావుకారు పాత పత్రం చించి కొత్త పత్రం రాయించుకునేవాడు. పాత అసలు, పాత వడ్డీ కలిసి కొత్త పత్రంలో అసలయ్యేది. చదువు రాని రైతు వేలిముద్ర వేసేవాడు. ఇట్లా మూడు నాలుగు సార్లు తిరగరాస్తే మొదట తీసుకున్నదెంతో తీసుకున్నవాడికే గుర్తుండదు. కోర్టుకు పోతే మునసబుగారి ముందు ఉండేది ఆఖరి కాగితం ఒక్కటే. రైతు హాజరు కాడు. ఏకపక్ష డిక్రీ అయిపోయేది.

పూనా జిల్లా శిరూరు తాలూకా కర్డే గ్రామంలో కాలూరాం అనే మార్వాడీ వ్యాపారి, బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ అనే ఊరి పెద్ద మీద సుమారు 150 రూపాయల బాకీకి డిక్రీ పొంది ఆయన ఇంటి మీదికి వచ్చినాడు. 1874 డిసెంబరు నాటి మాట. ఊరంతా ఒక్కటై సావుకార్లను వెలివేసింది. క్షౌరం చేసేవాడు లేడు, నీళ్ళు మోసేవాడు లేడు. 1875 మే 12న అదే జిల్లా సూపా గ్రామంలో, సంత జరిగే చోట, జనం సావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు బయటికి లాగి తగలబెట్టినారు. అది పూనా, అహమదునగరు జిల్లాలలో ఊరి నుండి ఊరికి పాకింది. అరెస్టయినవారు 951 మంది. దక్కను అల్లర్లు అని పాఠ్యపుస్తకాలలో ఉన్నది ఇదే. నాకు ఇందులో గమనించదగినది ఒక్కటి. జనం తగలబెట్టినది సావుకారునో, సావుకారు ధాన్యాన్నో కాదు, చాలా చోట్ల వారు అడిగినది కాగితాలు. కాగితం ఇచ్చివేసిన చోట చేయి చేసుకోలేదు. కోర్టులో తమను ఓడించేది ఏమిటో వారికి సరిగ్గా తెలుసు.

ప్రభుత్వం కమిషను వేసింది, కమిషను నివేదిక ఇచ్చింది. 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. అల్లర్లు జరిగినది పూనా, అహమదునగరు జిల్లాలలో. చట్టం మాత్రం వాటితోబాటు సాతారాకు, మన సోలాపూర్‌కు కూడా వర్తింపజేసినారు. ఆ నవంబరు 1 నుండి అమలు.

ఈ చట్టాన్ని బ్యాంకువాణ్ణిగా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆఖరి కాగితం చూసి తీర్పు చెప్పకూడదు, అప్పు పుట్టినప్పటి నుండి చరిత్ర అంతా తవ్వి లెక్క కట్టాలి అన్నది. దావాకు ముందు రాజీదారు దగ్గరికి పోవాలి, రాజీ కుదరలేదని ఆయన ధ్రువపత్రం ఇస్తేనే కోర్టు గుమ్మం ఎక్కాలి అన్నది. బాకీ సొమ్ముకు రైతును అరెస్టు చేసి జైలులో పెట్టరాదన్నది. ప్రత్యేకంగా తనఖా పెట్టని భూమిని జప్తు చేయరాదన్నది. అప్పు ఇచ్చినవాడు ముట్టిన ప్రతి పైసాకూ రసీదు ఇవ్వాలి, అడిగితే ఏటా లెక్క రాసి ఇవ్వాలి, పాసుబుక్కు ఇవ్వాలి అన్నది. 1879లో పాసుబుక్కు! మా బ్యాంకులో పాసుబుక్కులో ఎంట్రీ వేయించుకోవడానికి వరుసలో నిలబడి విసుక్కునే ఖాతాదారులకు అప్పుడప్పుడు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. ఏ రక్షణ అయినా ఒకప్పుడు ఎవరో పత్రాలు తగలబెడితే వచ్చినదే.

అయితే ఆ చట్టంలో వ్యవసాయదారు అంటే ఎవరు? పూర్తిగా గాని ముఖ్యంగా గాని వ్యవసాయం మీద బతికేవాడు. నేతగాడు కాడు. నిజాం రాజ్యంలోని తెలంగాణా జిల్లాల నుండి మన పద్మశాలీ కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని ఇక్కడికి చేరుకుంటున్న కాలం అది. 1860 నాటికి రైలు వచ్చింది, 1876-78 కరువు జనాన్ని కదిలించింది, 1877లో జూనీ మిల్లు అని మనం పిలిచే సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మొదలైంది. ఊరు పెరిగింది. అంటే జిల్లాలో రైతుకు రాజీదారు, రసీదు, పాసుబుక్కు ఏర్పాటు చేసిన రోజులలోనే, ఊళ్ళో నేతగాడు నూలు అప్పు తెచ్చుకుని పాత పద్ధతిలోనే కాగితం రాసి ఇస్తున్నాడు. కోర్టులో ఆయనకు ఆఖరి కాగితమే ఆధారం. ఒకే న్యాయస్థానం, ఒకే న్యాయాధికారి. పొద్దున రైతు మీద దావా అయితే చరిత్ర అంతా తవ్వాలి, మధ్యాహ్నం నేతగాడి మీద దావా అయితే అక్కర లేదు.

ఒక్క దామదుపట్ మాత్రం ఇద్దరికీ ఉన్నది. వడ్డీ బాకీ ఏ నాడూ అసలును మించరాదన్న పాత ధర్మశాస్త్ర నియమం ఇది. బొంబాయి రాజధానిలో హిందూ ఋణస్థుల విషయంలో కోర్టులు దీనిని గుర్తించినవి. మద్రాసు రాజధానిలో గుర్తించలేదు. కోస్తా నేతగాడికి లేని ఈ కట్టు సోలాపూర్ చేరిన తెలుగు నేతగాడికి దొరికింది. 1946 నాటి బొంబాయి వడ్డీ వ్యాపారుల చట్టం మతంతో పని లేకుండా దీనిని అందరికీ వర్తించేటట్లు చేసింది. వంద తీసుకున్నవాడి మీద వడ్డీగా వందకు మించి డిక్రీ రాదని మన పేటలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. తెలియకనే కడుతూ ఉంటారు.

ఇక ముందు చెప్పిన ఆ రెండు మాటలు. 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్ 266వ సెక్షనులో జప్తు చేయగూడని వస్తువుల పట్టిక ఉన్నది. కట్టుబట్టలు, రైతుకైతే నాగలి, ఎడ్లు, వాటితోబాటు ‘చేతిపనివారి పనిముట్లు’. 1908 కోడ్‌లో ఇదే 60వ సెక్షను అయింది, నేటికీ ఉన్నది. చేతిపనివారి పనిముట్లు అంటే మనకు మగ్గం, ఆసు, రాట్నం, కండెలు, నాడె, పన్నె. డిక్రీ పొందిన సావుకారు కోర్టు బెలిఫ్‌ను వెంటబెట్టుకుని వచ్చినా మగ్గం మీద చేయి వేయరాదు.

ఇది దయగల నియమమే. సందేహం లేదు. కాని అప్పు ఇచ్చేవాడి వైపు నుండి కూడా చూడాలి, మా వృత్తి నేర్పినది అదే. నేతగాడి ఇంట్లో విలువైన వస్తువు మగ్గం ఒక్కటే. దానికి జప్తు లేకపోతే ఇక వసూలుకు ఏమి మిగిలింది? కట్టుబట్టలకూ జప్తు లేదు, వంటపాత్రలకూ లేదు. అద్దె ఇంటిలో ఉండేవాడికి ఇల్లు లేదు. కాబట్టి తెలివైనవాడెవడూ నేతగాడికి అప్పు ఇచ్చి కోర్టు మీద ఆశ పెట్టుకోడు. మూడు దారులు వెతుక్కున్నాడు. ఒకటి, డబ్బు కాక నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తనకే అమ్మాలన్న షరతు పెట్టడం. ధరలోనే వడ్డీ తీసుకుంటాడు, దావాతో పని లేదు. రెండు, బంధువుల చేత హామీ సంతకం పెట్టించడం. బావమరిది సంతకం చేస్తే చెల్లెలి కాపురమే పూచీ. మూడవది, అసలు ఆ మనిషినే పట్టి ఉంచడం.

1859 నాటి పదమూడవ చట్టం గుర్తున్నదా? పనివాడు ముందుగా డబ్బు తీసుకుని పని చేయకుండా పోతే, మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయవచ్చునన్నది ఆ చట్టం. సొమ్ము తిరిగి కట్టమని గాని, పనికి పొమ్మని గాని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇస్తాడు. వినకపోతే మూడు నెలల వరకు కఠిన శిక్ష. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం చేసినది, ఇతర చోట్లకు విస్తరించే అధికారం ప్రభుత్వం ఉంచుకున్నది. అంటే సావుకారు బాకీ సివిల్ విషయం, యజమాని ఉచల్ మాత్రం నేరం! ఈ చట్టాన్ని 1925లో రద్దు చేసినారు. రద్దు 1926 ఏప్రిల్ నుండి అమలైంది.

చట్టం పోయినా అలవాటు పోలేదు. పూనా గోఖలే సంస్థ తరఫున ఎన్.ఎం. జోషీ బొంబాయి దక్కనులోని పట్టణ చేతిపనుల మీద 1936లో ప్రచురించిన గ్రంథం ఉన్నది. స్వంత మగ్గంపై స్వంత నూలుతో నేసుకునేవాడు తగ్గుతూ, కార్ఖానాదారు కింద పీసు కూలికి నేసేవాడు పెరుగుతూ వచ్చిన కాలం అది. కార్ఖానాదారూ మనవాడే, నేసేవాడూ మనవాడే. పిల్ల పెళ్ళికో, తొట్టెలకో, దినవారాలకో ఉచల్ ఇస్తాడు. వారం వారం కూలిలో కొంత పట్టుకుంటాడు. అది తీరే లోపల ఇంకొక అవసరం వస్తుంది. బాకీ ఉండగా మరొక కార్ఖానాకు పోరాదు. పోతే కొత్త యజమాని పాత బాకీ తీర్చి తీసుకుపోవాలి. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చినాయి, టవళ్ళు, చాదర్లు వచ్చినాయి. బాకీ మాత్రం మగ్గం మారినా మారలేదు. నా చిన్ననాటి స్నేహితులలో ఇద్దరు ఇట్లా బాకీతోబాటు చేతులు మారినవారే.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. వెట్టికి కట్టివేసే బాకీ రద్దయినట్లే, దాని వసూలుకు ఏ సివిల్ కోర్టూ దావా తీసుకోరాదు అన్నది. మన బాకీ ఆ నిర్వచనంలోకి వస్తుందా? ప్రతి ఉచల్ వెట్టి కాదు. మానుకుని పోయే స్వేచ్ఛ ఉన్నదా, లెక్క చూపిస్తున్నారా, మార్కెట్టు కూలి ఇస్తున్నారా అన్నది చూడాలి. కాని ఆ ప్రశ్న అడగడానికి కూడా మనవారు పూనుకోరు. యజమాని తమ్ముడి కొడుకే అయి ఉంటాడు, నారళీ పున్నమినాడు మార్కండేయుని రథం తాడు ఇద్దరూ కలిసే లాగుతారు. మన సంఘంలోని ఈ దగ్గరితనం మేలు ఎంత చేసిందో కీడూ అంత చేసిందని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉంటారు.

ఇంతవరకు చెప్పినది నేతగాడు బాకీ పడినప్పటి సంగతి. నేతగాడికే రావలసి ఉన్నప్పుడు ఏమిటి? మూడు నెలల కూలి నిలిచిపోయిన నేతగాడు, చాదర్లు పంపి డబ్బు రాని చిన్న కార్ఖానాదారు, చీటీ డబ్బులు చేబదులిచ్చిన బీడీ కార్మికురాలు. వీరూ ఋణదాతలే. కోర్టు వారిది కూడా.

కొంతకాలం కిందట ఒక పెద్దమనిషి ప్రోనోటు పట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చినాడు. రెవెన్యూ స్టాంపు ఉన్నది, దాని మీద సంతకం ఉన్నది, రాత చక్కగా ఉన్నది. ‘సార్, గీ కాయిదం చెల్లుతదా?’ అన్నాడు. తేదీ చూస్తే మూడేళ్ళ రెండు నెలలు. ‘అడిగినప్పుడు ఇస్తా అని రాసిండు. నేను పోయిన నెలనే అడిగిన’ అని ఆయన వాదన. లోకజ్ఞానంతో చూస్తే సబబే. చట్టం అట్లా చూడదు. అడిగినప్పుడు ఇచ్చే ప్రోనోటుకు గడువు, అడిగిన రోజు నుండి కాదు, రాసిన రోజు నుండి మొదలవుతుంది. చేబదులుకూ అంతే, ఇచ్చిన రోజు నుండి మూడేళ్ళు. సరుకు అమ్మితే అప్పగించిన రోజు నుండి, వాయిదా ఒప్పుకుని ఉంటే ఆ వాయిదా నుండి. కూలి అయితే అది రావలసిన రోజు నుండి. 1963 లిమిటేషను చట్టంలో ఇవన్నీ మూడేళ్ళే.

కాలదోషం పట్టింది అని తెలుగులో ఒక చక్కని మాట ఉన్నది. సరుకుకు పురుగు పట్టినట్లు, కాగితానికి కాలదోషం. 1859లో రైతును కాపాడుతామని పెట్టిన గడువును సావుకారు తనకు అనుకూలంగా తిప్పుకున్నాడని చెప్పినాను. ఎందుకు తిప్పుకోగలిగినాడు? తేదీ గుర్తుంచుకునే గుమాస్తా ఉన్నాడు కనుక. మా బ్యాంకులోనూ అందుకే గడువుల రిజిస్టరు. మూడేళ్ళు నిండకముందే బాకీ ఒప్పుకోలు ఉత్తరం మీద సంతకం తీసుకుంటాం, కొత్త గడువు మొదలవుతుంది. చాలామంది అది దేనికో అడగకుండానే సంతకం చేస్తారు. నేతగాడికి గుమాస్తా లేడు. ఆయన మర్యాదస్తుడు కూడా. అయినవాణ్ణి తేదీ పెట్టి అడగడం నామోషీ. ఆ మర్యాద ఖరీదు మూడేళ్ళు నిండిన మరునాడు తెలుస్తుంది.

మన పెద్దలు ప్రోనోటు వెనుక ‘చెల్లు’ వేయించేవారు. పది రూపాయలు ముట్టినా వెనక్కి తిప్పి ఇంత చెల్లు అని రాయించేవారు. అది వట్టి లెక్క కాదు. గడువులోపల కొంత కట్టి, కట్టినవాడు స్వహస్తంతో రాసినా, రాసిన దాని మీద సంతకం చేసినా ఆ రోజు నుండి మళ్ళీ మూడేళ్ళు. పుచ్చుకున్నవాడు తానే రాసుకుంటే పనికిరాదు. గడువు దాటిపోయినదా? బాకీ చచ్చిపోదు, దావా మాత్రమే చచ్చిపోతుంది. బాకీదారు కడతానని కొత్తగా రాసి సంతకం చేసి ఇస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను కింద అది మళ్ళీ చెల్లుబాటవుతుంది. ఆ పెద్దమనిషికి నేను చెప్పగలిగినది ఇదే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘ఇగ ఆయన మంచితనం’ అన్నాడు.

కూలి విషయంలో కాగితమే ఉండదు. లెక్క ఉండేది యజమాని పుస్తకంలో. పద్దు పుస్తకంలో రాసినంత మాత్రాన అది ఒక్కటే ఒకడి మీద బాకీ మోపడానికి చాలదని పాత సాక్ష్య చట్టం 34వ సెక్షను అన్నది, 2024 జూలై నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ అదే అంటున్నది. కూలివాడి మీద మోపడానికి ఇది అడ్డం, మంచిదే. కాని కూలివాడికి రావలసినది రుజువు చేయడానికి ఆ పుస్తకం కూడా ఆయన చేతిలో లేదు. 1879లో రైతుకు ఇచ్చిన పాసుబుక్కు పీసు కూలివాడికి ఎవరూ ఇవ్వలేదు.

ఈ సందర్భంలో మన జూనీ మిల్లు గుర్తు వస్తుంది. 1949లో మిల్లు మూతపడితే కేంద్ర ప్రభుత్వం 1950లో దాని కోసమే ఒక ప్రత్యేక చట్టం చేసి మిల్లును చేతిలోకి తీసుకున్నది. కొద్దిపాటి షేర్లున్న చరణ్‌జిత్ లాల్ చౌధురి అనే ఆయన దానిని ప్రశ్నిస్తూ నేరుగా సుప్రీం కోర్టుకు పోయినాడు, ఓడిపోయినాడు. షేరు మీద ఇంకా కట్టవలసిన సొమ్ము కట్టమంటే ద్వారకాదాస్ శ్రీనివాస్ అనే మరొక షేరుదారు పోయినాడు, 1953 డిసెంబరులో గెలిచినాడు. రాజ్యాంగం చదివే విద్యార్థులందరికీ సోలాపూర్ మిల్లు కేసులంటే ఇవే. మిల్లు భోంగా విని లేచిన వేలాది కుటుంబాలు ఆ తీర్పుల పేర్లు వినలేదు.

సరే, దావా వేసినాడు, గెలిచినాడు అనుకుందాం. దర్భంగా రాజ్ కేసులో 1872లోనే ప్రీవీ కౌన్సిలు, ఇండియాలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికి వచ్చిన తరువాతే మొదలవుతాయని అన్నది. అమలు దరఖాస్తు వేరే వేయాలి. దానికి 12 ఏళ్ళ గడువు. ఏది జప్తు చేయాలో గెలిచినవాడే వెతికి చూపించాలి. చేతిపనివాడి పనిముట్లు కూడదు. కూలివాడి కూలి కూడదు. 1976 సవరణ తరువాత కూలివాడు నివసించే సొంత ఇల్లు కూడదు. ఉద్యోగి జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. జైలుకు పంపవచ్చునా? ఆడవారిని సొమ్ము డిక్రీకి అరెస్టు చేయనే రాదు. మగవాడినైనా, కట్టగలిగి ఉండి కట్టకపోతేనే. జాలీ జార్జి వర్గీస్ కేసులో 1980లో జస్టిస్ కృష్ణయ్యరు, పేదరికం నేరం కాదన్న భావంతో దీనిని ఖాయం చేసినారు. అదీ కాక జైలులో ఉన్నన్ని రోజులు బాకీదారు కూటి ఖర్చు అప్పిచ్చినవాడే కోర్టులో జమ కట్టాలి! కొంతం చౌక్‌లో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు, నవ్వుతారు.

అమలు దరఖాస్తులు ఆరు నెలలలో తేల్చాలని సుప్రీం కోర్టు 2021లో ఆదేశించింది. 2025లో లెక్క తెప్పించి చూస్తే దేశం మొత్తం మీద 8 లక్షల 80 వేలకు పైగా పెండింగులో ఉన్నవి. అందులో 3 లక్షల 40 వేలకు పైగా మన మహారాష్ట్రవే.

మా బ్యాంకులు ఈ తొక్కిసలాట నుండి తప్పుకున్నవి, చెప్పవలసిన మాట చెప్పాలి. 1993లో వేరుగా ఋణ వసూలు ట్రిబ్యునళ్ళు ఏర్పడినవి, 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. తాకట్టు ఉన్న ఆస్తిని కోర్టుకు పోకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. ఇక్కడే మన రెండు మాటల రక్షణ కరిగిపోయింది. జప్తు కూడని వస్తువుల మీదికి ఆ చట్టం పోదు, కాని ప్రత్యేకంగా ఆ బాకీకే పూచీగా పెట్టిన వస్తువైతే పోతుంది. వ్యవసాయ భూమికి మాత్రం ఆ చట్టంలో పూర్తి మినహాయింపు. 1879లాగానే మళ్ళీ రైతు లోపల, నేతగాడు బయట. నూట పాతికేళ్ళ కిందటి బెలిఫ్ ముట్టగూడని మగ్గాన్ని, లోను ఫారం మీద సంతకం చేసి మనమే పూచీ పెడుతున్నాం. ఆ ఫారాలు నింపించినవారిలో నేనూ ఒకణ్ణి. పూచీ లేకుండా అంత సొమ్ము ఇమ్మంటే ఏ బ్యాంకూ ఇవ్వదు, ఆ సొమ్ముతోనే మన పేటలో మరమగ్గాలు లేచినవి. రెండూ నిజమే.

నూలు వ్యాపారులు వేరే దారి పట్టినారు. 1989 ఏప్రిల్ నుండి చెల్లని చెక్కు ఇవ్వడం నేరమైంది కదా. అప్పటి నుండి ప్రోనోటు తగ్గింది, తేదీ వేయని చెక్కు పెరిగింది. చెక్కు తిరిగి వచ్చిన కబురు అందిన 30 రోజులలో నోటీసు, నోటీసు అందిన 15 రోజులలో కట్టకపోతే మరొక నెలలోపు ఫిర్యాదు. ఉచల్ తీసుకున్నవాణ్ణి 1859లో మేజిస్ట్రేటు దగ్గర నిలబెట్టినట్లు, నూలు తీసుకున్నవాణ్ణి చెక్కు నిలబెడుతున్నది. తెలంగాణాలో మన బంధువులు ‘ఐపీ పెట్టినాడు’ అంటారు, ఇక్కడ మనం ‘దివాళా తీసినాడు’ అంటాం. ఈ మధ్య వ్యాపారులు ఆ మాట అనడం తగ్గించి, ‘వన్ థర్టీ ఎయిట్ పడ్డది’ అంటున్నారు.

చిన్నవాడు తనకు రావలసినది అడగడానికి నేను చూసినంతలో పనికివచ్చేది లోక్ అదాలత్. 1987 న్యాయసేవల చట్టం కింద ఏర్పడినది, ఆ చట్టం అమలు 1995 నవంబరు నుండి. దావా వేయకముందే అక్కడికి పోవచ్చు. కుదిరిన రాజీ డిక్రీతో సమానం, అప్పీలు లేదు. దావా వేసి తరువాత అక్కడ రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అదే చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. స్త్రీలకు ఆదాయం ఎంతని అడగరు. పారిశ్రామిక కార్మికులకూ ఆ హక్కు ఉన్నది. అంటే బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళకు, మరమగ్గాల మీద పనిచేసే అన్నదమ్ములకు వకీలు ఫీజు బాధ లేదు. దరఖాస్తు జిల్లా కోర్టులోని న్యాయసేవల ప్రాధికరణ కార్యాలయంలో ఇవ్వాలి. పోయేటప్పుడు కాగితం ఏది ఉంటే అది తీసుకుపోవాలి. చీటీ ముక్క అయినా సరే, దాని మీద తేదీ ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి.